ఏరు దారి మరచిపోదు

2024 సెప్టెంబరు నెల డ్రెస్డెన్‌లో నివసించే తెలుగువారికి రెండు వైపుల నుండీ నీటి కబుర్లే మోసుకొచ్చింది. ఆ నెల 1వ తేదీ ఆదివారం నాటికి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు బుడమేరు నీటిలో మునిగి ఉన్నాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణా ప్రవాహం సాగిపోయింది. ఆ బ్యారేజీ చరిత్రలో అంతటి ప్రవాహం అంతకు ముందెన్నడూ నమోదు కాలేదు. పది రోజులు తిరగకుండానే, 11వ తేదీ తెల్లవారుజామున, డ్రెస్డెన్ నడిబొడ్డున కరోలా వంతెనలో ఒక భాగం ఎల్బె నదిలోకి కూలిపోయింది. వంతెన కూలడానికి కారణం వరద కాదు. కాంక్రీటు లోపలి ఉక్కు తీగలు ఏళ్ళ తరబడి తుప్పుతో బలహీనపడటం. అయితే సరిగ్గా ఆ వారంలోనే ‘బోరిస్’ అనే అల్పపీడనం మధ్య యూరప్ మీద రోజుల తరబడి కుండపోతగా కురిసింది. నదిలో పడిన శిథిలాలను నీరు పెరగక ముందే తొలగించాలని పనివారు రాత్రింబవళ్ళు శ్రమించవలసి వచ్చింది. 18వ తేదీకి ఎల్బె మట్టం ఇక్కడ 6 మీటర్లు దాటింది. మామూలు రోజుల్లో అది 2 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

వాతావరణ మార్పును గురించి అంతర్జాతీయ సభలలో రెండు మాటలు తరచుగా వినబడతాయి. మొదటిది ఉపశమనం, అనగా భూమిని వేడెక్కించే వాయువులను తగ్గించడం. రెండవది అనుకూలనం, అనగా ఎలాగూ తప్పని మార్పును తట్టుకొని బ్రతికే ఏర్పాట్లు చేసుకోవడం. సంపన్న దేశాలు మొదటిదాన్ని గురించీ, వర్ధమాన దేశాలు రెండవదాన్ని గురించీ ఎక్కువగా మాట్లాడతాయి. ఈ రెండూ నిజంగా ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి సభలకు పోనక్కరలేదు. డ్రెస్డెన్‌లో వైసెరిట్జ్ అనే చిన్న ఏరునూ, బెజవాడలో బుడమేరు అనే చిన్న ఏరునూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పెద్ద నదులకు కవులున్నారు, పుష్కరాలున్నాయి. ఊరికి ముంపు తెచ్చేది మాత్రం తరచుగా ఎవరూ పట్టించుకోని చిన్న ఏరే.

ముందుగా ఒక శాస్త్ర విషయం. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఇది పందొమ్మిదవ శతాబ్దం నుండి భౌతిక శాస్త్రవేత్తలకు తెలిసిన సూత్రమే. ఎక్కువ ఆవిరిని మోసిన గాలి, కురిసే అవకాశం దొరికినప్పుడు ఎక్కువగా కురుస్తుంది. ఏడాది మొత్తం మీద వాన పెద్దగా పెరగకపోయినా, కురిసే రోజులు తగ్గి, కురిసిన రోజున కుమ్మరించడం దీని పర్యవసానం. ఫలానా వరదను వాతావరణ మార్పే తెచ్చిందని అనడం శాస్త్రసమ్మతం కాదు. అటువంటి వరద వచ్చే అవకాశం ఎంత పెరిగిందో మాత్రం లెక్కగట్టవచ్చు. ‘బోరిస్’ తెచ్చిన నాలుగు రోజుల వాన విషయంలో శాస్త్రజ్ఞులు ఆ లెక్క వేశారు. భూతాపం పెరగని లోకంతో పోలిస్తే అటువంటి వాన పడే అవకాశం ఇప్పుడు కనీసం రెట్టింపు అయిందని తేల్చారు.

వైసెరిట్జ్ తిరిగి వచ్చిన రాత్రి

చెక్ సరిహద్దులోని ఎర్జ్‌గెబిర్గె కొండల్లో రెండు పాయలుగా పుట్టి, ఫ్రైటాల్ పట్టణం వద్ద కలిసి, డ్రెస్డెన్‌లో ఎల్బె నదిలో పడే ఏరు వైసెరిట్జ్. వేసవిలో దానిని చూసినవారు వంతెన కింద ఇంత చిన్న వాగుకు ఇంత పెద్ద రాతిగోడలు దేనికని అనుకోవడం సహజం. పూర్వం ఈ ఏరు నేటి ఫ్రీడ్రిష్‌స్టాట్ పేట మీదుగా పాత నగరానికి దగ్గరగా ప్రవహించేది. రైలు మార్గాల విస్తరణకు స్థలం కావలసి వచ్చింది. అందుచేత 1893 నాటికి ఏటిని పడమటి వైపు కొత్త కాలువలోకి మళ్ళించి, కోటా అనే పేట వద్ద ఎల్బెలో కలిపారు. పాత దారిని పూడ్చి దాని మీద పట్టాలు వేశారు, వీధులు వేశారు. నూరేళ్ళు గడిచేసరికి ఆ దారి పటాలలో తప్ప మనుషుల జ్ఞాపకంలో మిగలలేదు.

2002 ఆగస్టు 12వ తేదీన మధ్యధరా సముద్రం నుండి తేమను నింపుకొని ఒక అల్పపీడనం ఆల్ప్స్ పర్వతాలను తూర్పుగా చుట్టి ఉత్తరానికి వచ్చింది. ఆ గాలి ఎర్జ్‌గెబిర్గె కొండలను ఢీకొని పైకి లేచి చల్లబడింది. కొండ మీది సిన్వాల్డ్ కేంద్రంలో ఇరవై నాలుగు గంటల్లో 312 మిల్లీమీటర్ల వాన నమోదైంది. జర్మనీలో ఒక రోజు వానకు అదే రికార్డు. డ్రెస్డెన్ నగరంలో ఏడాది పొడవునా కురిసే వానలో ఇది సుమారు సగం. ఎగువన మాల్టెర్ జలాశయం నిండి పొర్లింది. ఆ రాత్రి వైసెరిట్జ్ కొత్త కాలువను కాదని తన పాత దారిన వచ్చింది. ఆ దారిలో ఇప్పుడు డ్రెస్డెన్ ప్రధాన రైల్వే స్టేషను ఉంది. మన విద్యార్థులు మొదటిసారి పెట్టెలతో దిగే ఆ స్టేషనులో పట్టాలు మునిగి, ఏరు స్టేషను గుండా నగరంలోకి పారింది. ఫ్రీడ్రిష్‌స్టాట్ ఆసుపత్రి నుండి రోగులను తరలించారు. ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారిని సైనిక విమానాలలో ఇతర నగరాలకు తీసుకుపోయారు. స్వింగర్ ప్రాసాదం నేలమాళిగల్లో భద్రపరచిన ప్రాచీన చిత్రాలను ఉద్యోగులు, సహాయకులు చేతుల మీదుగా పై అంతస్తులకు చేర్చారు.

ఇదంతా జరిగే నాటికి ఎల్బె వరద ఇంకా రానేలేదు. అది నాలుగు రోజుల తరువాత, ఆగస్టు 17న వచ్చింది. మట్టం 9.40 మీటర్లు. అంతకు ముందరి రికార్డు 1845 మార్చి నెలలోని 8.77 మీటర్లు. పెద్ద నది నాలుగు రోజులు వ్యవధి ఇచ్చింది. చిన్న ఏరు కొన్ని గంటలు కూడా ఇవ్వలేదు. వరద శాస్త్రంలో ఇది ముఖ్యమైన విషయం. పెద్ద నది పరీవాహక ప్రాంతం విశాలం కనుక పైన పడిన వాన కిందికి చేరడానికి రోజులు పడుతుంది. కొండవాగుకు ఆ ఆలస్యం లేదు. వాన కురవడం, ఏరు పొంగడం దాదాపు ఒకే ఘడియలో జరుగుతాయి. అక్కడ వాన పడ్డాక హెచ్చరించడం కాదు, వాన పడబోతోందని చెప్పగలగాలి.

సాక్సనీ రాష్ట్రం ఆ తరువాత చేసిన పనుల్లో గోడలూ కాలువలూ అందరికీ కనబడతాయి. వైసెరిట్జ్ కాలువను వెడల్పు చేశారు. మాల్టెర్ జలాశయంలో వరద కోసం ఖాళీగా ఉంచే భాగాన్ని పెంచారు. పాత నగరం వద్ద వరద సమయంలో నిలబెట్టే విడదీసే గోడలను సమకూర్చుకున్నారు. నగరం మధ్యలో ఎల్బె ఒడ్డున ఉన్న పచ్చిక మైదానాలను వరద పరుచుకోవడానికి వదిలిన చోటుగానే కాపాడుకున్నారు. ఎండాకాలం సాయంత్రాలు మనం దుప్పటి పరచుకొని కూర్చునే ఆ మైదానం నిజానికి నదికి చెందిన గది.

నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైన పని మరొకటి ఉంది. వరద తీసిన నాలుగు నెలలకే, 2002 డిసెంబరులో, జర్మన్ సైన్యాధికారిగా పనిచేసి విరమించిన ఫోన్ కిర్ష్‌బాఖ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం తన నివేదికను ప్రకటించింది. ఎవరు ఎవరికి ఎప్పుడు హెచ్చరిక పంపారు, అది ఎక్కడ ఆగిపోయింది, ఏ కార్యాలయానికీ ఏ కార్యాలయానికీ పొత్తు కుదరలేదు అన్నది అందులో వ్రాశారు. ఆ సంఘాన్ని నియమించినది రాష్ట్ర ప్రభుత్వమే. తన ఏర్పాట్లలోని లోపాలను తానే బయట పెట్టించుకున్నదన్నమాట. 2013 జూన్‌లో ఎల్బె మళ్ళీ సుమారు 8.8 మీటర్ల ఎత్తుకు, అనగా 1845 నాటి మట్టానికి, లేచింది. ఈసారి స్టేషను మునగలేదు. పాత నగరం చాలా వరకు పొడిగానే ఉంది.

బుడమేరు

ఇక మన ఏటి సంగతి. మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తరపు అంచు మీదుగా సాగి, కొల్లేటి సరస్సులో కలవడం బుడమేరు సహజ మార్గం. పూర్వకాలం నుండీ దానికి విజయవాడ దుఃఖదాయిని అనే పేరుంది. ఎండాకాలంలో చూస్తే మాత్రం పిల్లకాలువ. వైసెరిట్జ్‌కు చేసినట్లే దీనికీ మళ్ళింపు చేశారు. వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, అక్కడి నుండి మళ్ళింపు కాలువ తవ్వి, వరద నీటిని ఇబ్రహీంపట్నం వైపు తీసుకుపోయి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు అది. మళ్ళింపు కాలువ మోయలేని నీరు రెగ్యులేటరు దాటి పాత ఏటి దారిన బెజవాడ వైపే రావాలి.

కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. అయితే మూడు చిక్కులున్నాయి. మొదటిది, బుడమేరు పొంగే రోజునే కృష్ణ కూడా పొంగి ఉంటే, మళ్ళింపు కాలువలోని నీటిని నది తీసుకోదు. కాలువ వెనక్కి తన్నుతుంది. 2024లో అదే జరిగింది. రెండవది, ఈ కాలువ పూర్తిగా వరదకే కేటాయించినది కాదు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు తాప విద్యుత్కేంద్రపు నీటి అవసరాలూ, పోలవరం కుడికాలువ గుండా వచ్చే గోదావరి జలాలూ దానితో ముడిపడి ఉన్నాయి. మూడవది అన్నిటికంటే పాతది, అన్నిటికంటే కష్టమైనది. మళ్ళింపు ఉంది కదా అనే ధీమాతో పాత ఏటి గర్భం నానాటికీ కుంచించుకుపోయింది. ఒడ్డున ఇళ్ళు లేచాయి, గట్ల మీద పేటలు వెలిశాయి. అక్కడికి చేరినవారు చాలావరకు నగరంలో మరెక్కడా స్థలం కొనలేని కూలీలు, ఆటో నడిపేవారు, చిన్న వ్యాపారులు. వారిని ఆక్రమణదారులని ఒక్క మాటలో తేల్చివేయడం సులభం. ఆ స్థలాన్ని అమ్మినవారు, రోడ్డు వేసినవారు, కరెంటు ఇచ్చినవారు, పన్ను వసూలు చేసినవారు అందరూ అందులో పాలుపంచుకున్నవారే.

దిగువన కొల్లేరుది మరో కథ. ఏరు మోసుకొచ్చే వరదను పరచుకోనిచ్చి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదలడం ఆ సరస్సు పని. చేపల చెరువుల గట్లు దాని గుండెల మీదికి వచ్చాక ఆ పరచుకునే చోటు తగ్గిపోయింది. 2006లో ప్రభుత్వం గట్లను తెగగొట్టించింది. తరువాత అనేక చోట్ల గట్లు మళ్ళీ లేచాయి. ఎల్బె మైదానాన్ని గురించి పైన చెప్పిన మాట పాఠకులు ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. నదికి చెందిన గది మనకూ ఉండేది.

2024 ఆగస్టు 31న విజయవాడ పరిసరాల్లో ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు మించిన వాన పడింది. మళ్ళింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. రెగ్యులేటరు దాటిన నీరూ, గండ్ల నుండి వచ్చిన నీరూ కలిసి పాత దారి పట్టాయి. వైసెరిట్జ్ స్టేషనుకు వచ్చినట్లే, బుడమేరు సింగ్‌నగర్‌కు వచ్చింది. సైన్యం సహాయంతో గండ్లు పూడ్చడానికి సెప్టెంబరు 7 వరకు పట్టింది. లక్షల మంది రోజుల తరబడి నీటి మధ్య ఉన్నారు. మేడల మీద చిక్కుకున్నవారికి డ్రోన్లతో ఆహారం జారవిడిచారు. నీరు తీశాక ఇళ్ళలోని బురదను అగ్నిమాపక యంత్రాలతో కడిగారు. ఆ వానలకూ వరదలకూ రాష్ట్రంలో 40 మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక తమకు చేరలేదనీ, చేరినా ఇంత నీరు వస్తుందని ఎవరూ చెప్పలేదనీ బాధితులు వాపోయారు. 2002లో డ్రెస్డెన్ ప్రజలు అన్న మాట కూడా ఇదే.

కనుక మరపు పేదదేశాల సొత్తు కాదు. ఏటి దారిని పూడ్చి నిశ్చింతగా ఉండటంలో జర్మన్ ఇంజనీరుకూ మనకూ తేడా లేదు. తేడా తరువాత వస్తుంది. 2002 వరద అనంతరం జర్మనీ పునర్నిర్మాణానికి 7.1 బిలియన్ యూరోల నిధిని ఏర్పాటు చేసింది. అందుకోసం అమలు కావలసిన పన్ను తగ్గింపును ఏడాది వాయిదా వేసింది. బెజవాడలో నేల అంతస్తు మునిగిన కుటుంబానికి రాష్ట్రం 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించింది. 25,000 రూపాయలంటే అప్పటి మారకం ప్రకారం సుమారు 270 యూరోలు. రాష్ట్ర శక్తిని బట్టి అది చిన్న సాయం కాదు. కాని ఫ్రిజ్, మంచాలు, కుట్టుమిషను, ఆటో ఇంజను, పిల్లల పుస్తకాలు ఒకేసారి పోయిన ఇంటికి అది ఎంతవరకు వస్తుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు. నష్టం విలువ ఇక్కడే ఎక్కువ. నష్టపోయినవారు కోలుకోవడానికి పట్టే కాలం అక్కడే ఎక్కువ. బీమా లెక్కలలో మొదటిది కనబడుతుంది, రెండవది కనబడదు.

బొగ్గు ఎవరిది, బూడిద ఎవరిది

బుడమేరు మళ్ళింపు కాలువ దాపున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం ఉండటం యాదృచ్ఛికమే. అయినా ఆలోచింపజేస్తుంది. 1979లో మొదలైన ఆ కేంద్రం కోస్తా జిల్లాలకు వెలుగునిచ్చింది. దాని పొగగొట్టాల నుండి వెళ్ళే బొగ్గుపులుసు వాయువు ప్రపంచపు గాలిలో కలిసి, ఆ ఏటి మీద పడే వాననే మరికొంత బరువెక్కిస్తోంది.

డ్రెస్డెన్‌కు తూర్పు ఉత్తరంగా లౌసిట్స్ ప్రాంతంలో గోధుమ బొగ్గు గనులున్నాయి. బాక్స్‌బెర్గ్ విద్యుత్కేంద్రం సాక్సనీ రాష్ట్రంలోనే ఉంది. 2020లో చేసిన చట్టం ప్రకారం జర్మనీ 2038 లోపల బొగ్గు విద్యుత్తును మానుకోవాలి. గనుల మీద బ్రతికే ప్రాంతాలు దెబ్బతినకుండా 40 బిలియన్ యూరోల వరకు వెచ్చించడానికి మరో చట్టం చేశారు. ఇప్పుడు కొత్తగూడెం, రామగుండం, మందమర్రి పట్టణాలను తలచుకోండి. సింగరేణిలో పనిచేసే సుమారు నలభై వేల మంది, వారి మీద ఆధారపడిన దుకాణదారులు, బడులు, ఆసుపత్రులు ఉన్నాయి. సింగరేణి సంస్థ తన స్థలాలలో సౌర విద్యుత్తు కేంద్రాలు కట్టుకుంటోంది. రామగుండంలో జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర కేంద్రాన్ని ఎన్.టి.పి.సి. 2022లో పూర్తి చేసింది. కర్నూలు జిల్లాలో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సౌర పార్కు ఆ నాటికి ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. ఇవి మెచ్చదగిన పనులు. కాని సౌర ఫలకాలు పరచడం ఒక ఎత్తు, గని పట్టణాన్ని బ్రతికించడం మరొక ఎత్తు. జర్మనీ గని ప్రాంతాలకు దొరికిన 40 బిలియన్ల వంటిది సింగరేణికి ఎవరిస్తారు?

ఈ ప్రశ్న 1995లో బెర్లిన్‌లో జరిగిన మొదటి వాతావరణ మహాసభ నాటి నుండీ ఉన్నదే. ముందుగా కాల్చినవారు ముందుగా తగ్గించాలని అక్కడ ఒప్పుకున్నారు. ముంపుకూ నష్టానికీ పరిహారపు నిధి పెట్టడానికి మాత్రం 2022 దాకా ఒప్పుకోలేదు. జర్మనీలో సగటు మనిషి ఏడాదికి సుమారు ఏడు టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారకుడవుతున్నాడు. భారతదేశంలో రెండు టన్నులకు. మనం ఆ రెండు టన్నుల లెక్కలో పుట్టి, ఈ ఏడు టన్నుల లెక్కలో ఉంటున్నవాళ్ళం. హైదరాబాదుకు ఒక్కసారి వెళ్ళి వస్తే ఒక్కొక్కరి వాటా సుమారు ఒకటిన్నర టన్ను. అమ్మానాన్నలను చూడటానికి వెళ్ళవద్దని ఎవరూ అనరు, నేనూ అనను. లెక్క తెలిసి వెళ్ళడం మేలు.

తుఫాను నేర్పింది, వడగాలి ఇంకా నేర్పలేదు

పేద రాష్ట్రానికి అనుకూలనం చేతకాదనే అభిప్రాయం మన పెద్దలలో కొందరికి ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పది వేల మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. సముద్రం లోపలికి వస్తోందని చెప్పే నాథుడు లేక నిద్రలోనే ఊళ్ళకు ఊళ్ళు పోయాయి. పదమూడేళ్ళ తరువాత, 1990 మే 9న, అంతటి తీవ్రమైన తుఫానే కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటింది. ముందుగానే ఆరు లక్షలకు పైగా జనాన్ని తరలించారు. మరణాలు వెయ్యి లోపు. ఆ పదమూడేళ్ళలో రాష్ట్రం ధనవంతం కాలేదు. రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు, తుఫాను రక్షణ భవనాలు, రాత్రి వేళ గడప గడపకూ తిరిగి లేపే గ్రామోద్యోగి ఇవే మార్పు తెచ్చాయి. నేర్చినది నిలిచిందనీ చెప్పలేం. 1996 నవంబరులో కోనసీమ తుఫానుకు వెయ్యి మందికి పైగా బలయ్యారు. మళ్ళీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్నే నేరుగా తాకినప్పుడు రాష్ట్రంలో మరణాలు వంద లోపే ఉన్నాయి.

వడగాలి సంగతి వేరు. అది పెంకులు లేపదు, చెట్లు కూల్చదు. అందుచేత దానిని విపత్తుగా గుర్తించడానికే చాలా కాలం పట్టింది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో 1,300కు పైగా, తెలంగాణలో 500కు పైగా మరణాలు వడదెబ్బ వల్ల జరిగినట్లు ప్రభుత్వాలు ప్రకటించాయి. యూరప్ దీనికి అతీతం కాదు. 2003 వేసవిలో ఈ ఖండంలో 70,000కు పైగా అదనపు మరణాలు సంభవించాయి. ఫ్రాన్సులో సెలవులకు వెళ్ళిన పిల్లలు తిరిగి వచ్చేసరికి ఒంటరి ముసలివారు ఇళ్ళలో చనిపోయి ఉన్నారు. ఈ మాట ప్రవాసంలో ఉన్న మనకు తగలవలసిన చోటే తగులుతుంది.

శరీరం చెమట ఆర్చుకొని చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. ఉష్ణమాపకం కొనకు తడిగుడ్డ చుట్టి చూస్తే వచ్చే ఉష్ణోగ్రత ఈ రెండిటినీ కలిపి చెబుతుంది. అది 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడు నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటల కంటే నిలవలేడు. వృద్ధులకూ గుండెజబ్బు ఉన్నవారికీ హద్దు ఇంకా తక్కువ. కనుక రామగుండంలో 45 డిగ్రీల పొడి ఎండ ఎంత ప్రమాదకరమో, మచిలీపట్నంలో 39 డిగ్రీల ఉక్కపోత కూడా అంత ప్రమాదకరం కావచ్చు. ఊరికి ఫోను చేసినప్పుడు ఎండ ఎంత అని అడిగితే చాలదు. ఉక్క ఎలా ఉంది, రాత్రి గది చల్లబడుతోందా, కరెంటు ఉంటోందా అని అడగాలి. పగటి ఎండలో అలసిన శరీరం రాత్రి చల్లదనంలోనే తేరుకుంటుంది. వేడి రాత్రులు వరుసగా వస్తే ప్రమాదం పెరుగుతుంది. చలివేంద్రాలు, మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నీరు, ఉపాధి పనుల వేళలు తెల్లవారుజాముకు మార్చడం వంటివి రెండు రాష్ట్రాలలోనూ జరుగుతున్నాయి. ఇవి ఖర్చు లేని పనులు, ప్రాణాలు నిలిపే పనులు. రేకుల ఇంట్లో ఉన్న కూలీకి మాత్రం రాత్రి చల్లదనం ఎవరూ తెచ్చి ఇవ్వలేకపోతున్నారు.

బోరు వేసే ముందు

వరదా, వడగాలీ వచ్చి పోతాయి. మన సీమకూ తెలంగాణకూ అసలు పరీక్ష నేల లోపలి నీరు. రెండు ప్రాంతాలలోనూ చాలా భాగం గట్టిరాతి నేల. ఇసుక నేలలా అది నీటిని తాగి దాచుకోదు. రాయి పగుళ్ళలో నిలిచినంతే. అనంతపురం వంటి జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతం వాన. అదీ కొద్ది రోజుల్లో కుమ్మరించి పోతే, ఇంకే నీటికంటే పారిపోయే నీరే ఎక్కువ. ఒక రైతు 200 అడుగులు వేస్తే పక్క రైతు 400, ఆ పక్కవాడు 800. ఇంత లోతు నుండి నీరు తోడే కరెంటులో అధిక భాగం బొగ్గుది. అనుకూలనం కోసం వేసిన బోరు ఉపశమనానికి ఎదురు తిరిగే చోటు ఇది. ఉచిత విద్యుత్తు 2004 నుండి ఉంది. రైతుకు అది ఊరటే, కాని మోటారు ఆపవలసిన కారణం కూడా దానితోనే పోయింది. సౌర మోటారు పెడితే బొగ్గు సమస్య తీరుతుంది. నీటి సమస్య తీరదు, పైగా పగలంతా ఖర్చు లేకుండా తోడవచ్చు.

ఈ విషయంలో 2003 నుండి కొన్నేళ్ళ పాటు అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగిన ప్రయోగం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. నెదర్లాండ్స్ సాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పర్యవేక్షణలో, నంద్యాలలోని భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ ముందు నిలిచి ఇతర స్వచ్ఛంద సంస్థలతో కలిసి నడిపిన పథకమది. వందలాది గ్రామాలలో రైతులు, వారిలో స్త్రీలు కూడా, వానమాపకం చూసి లెక్క వ్రాశారు. పదిహేను రోజులకొకసారి బావులలో టేపు దించి నీటి మట్టం కొలిచారు. ఏటా రబీ పంటకు ముందు సమావేశమై, ఊరి నేలలో ఎంత నీరుంది, వరి వేస్తే ఎంత కావాలి, శనగ వేస్తే ఎంత, పొద్దుతిరుగుడు వేస్తే ఎంత అని లెక్క కట్టారు. ఎవరి మీదా ఆంక్ష లేదు, జరిమానా లేదు. లెక్క చూశాక ఎవరి పంట వారే నిర్ణయించుకున్నారు. చాలామంది వరి తగ్గించారు.

వరి వదలనివారికీ దారి ఉంది. మడిలో నిరంతరం నీరు నిలిస్తే మట్టికి ప్రాణవాయువు అందక, అక్కడి సూక్ష్మజీవులు మీథేను వాయువును తయారుచేస్తాయి. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు బలమైనది. మన పెద్దలకు తెలిసిన ఆరుతడి పద్ధతిలో, మడి ఆరిన తరువాతే మళ్ళీ నీరు పెడితే, నీరూ మిగులుతుంది, మీథేనూ తగ్గుతుంది. రెండు లక్ష్యాలూ ఒకే మడిలో కలిసే అరుదైన సందర్భం ఇది.

ఆ పథకానికి డబ్బు ఆగిపోయాక చాలా ఊళ్ళలో కొలతలు కూడా ఆగిపోయాయి. టేపు చవక; దాన్ని పదిహేను రోజులకొకసారి దించే మనిషి ఓపికకు వెల కట్టే పద్దు ఏ బడ్జెట్టులోనూ ఉండదు.

డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వర్ధమాన దేశాల అధికారులకు పర్యావరణ నిర్వహణ నేర్పే శిక్షణ 1977 నుండి, దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది నుండి, నడుస్తోంది. నీటికీ నేలకూ వ్యర్థాలకూ సంబంధించిన ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయ సంస్థ ఒకటి 2012 నుండి ఈ ఊళ్ళో ఉంది. జలశాస్త్రం చదవడానికి ప్రపంచం నలుమూలల నుండి విద్యార్థులు ఇక్కడికి వస్తారు. సిద్ధాంత వ్యాసానికి విషయం వెతుకుతున్న తెలుగు విద్యార్థి ఎవరైనా ఉంటే, వైసెరిట్జ్‌నూ బుడమేరునూ పోల్చి వ్రాయడం గురించి ఆలోచించవచ్చు. పాత ఏటి గర్భం ఇప్పుడు ఎంత నీటిని మోయగలదు, ఏ వీధికి ఎన్ని గంటల ముందు కబురు అందించవచ్చు అన్నవి అక్కడివారికి రేపే పనికొచ్చే లెక్కలు.

మిగిలినవారి వద్దకు ఊరి నుండి మరో రకం కబురు వస్తుంది. పాత బోరు ఎండిపోయింది, కొత్తది వేయాలి, డబ్బు పంపమని. పంపవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. పంపే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవడం మంచిది. ఈ ఏడు ఊళ్ళో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది? చుట్టుపక్కల పది బోర్లలో నీరు ఎన్ని అడుగుల్లో ఉంది? కొత్త బోరు కింద ఏ పంట వేస్తారు? జవాబు చెప్పగలవారు ఊళ్ళో ఉంటే ఆ డబ్బులో కొంత చెరువు పూడిక తీయడానికో, వాగుకు చిన్న అడ్డుకట్ట వేయడానికో వెళ్ళవచ్చు. చెప్పగలవారు లేకపోతే ముందుగా ఒక వానమాపకమూ, ఒక కొలత టేపూ కొనిపెట్టి, వాటిని వాడటానికి ఇంటర్ చదివే ఒక పిల్లకు నెలకు కొంత ఇవ్వవచ్చు. బోరుకయ్యే ఖర్చులో అది ఏ మూలకూ రాదు.